కోతకు ముందు గంట

మత్తు డాక్టరుగా ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేను కోస్తా ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేశాను. గర్భసంచి తీసే ఆపరేషన్ కోసం అక్కడికి నలభై రెండేళ్ల ఆవిడ ఒకరు వచ్చి చేరారు. మిరప తోటల్లో కూలికి వెళ్లే మనిషి. ఆపరేషన్ రోజు ఉదయం ఆరు గంటలకు, నైట్ డ్యూటీ సిస్టరు దిగిపోయే ముందు, వార్డులో అందరికీ వేసినట్లే ఆవిడకూ టాక్సిమ్ ఇంజెక్షన్ వేసి కేస్ షీటులో టిక్కు పెట్టారు. ఆ రోజు లిస్టులో ఆవిడదే మొదటి కేసు. కాని ఏడున్నరకు కాన్పు కష్టమైన ఒక అమ్మాయిని, ఆ వెనకే మరొకరిని థియేటర్లోకి తీసుకోవలసి వచ్చింది. ఆవిడ వంతు వచ్చి, నేను వెన్నులో మత్తు ఇచ్చి, సర్జన్ గారు కోత పెట్టేసరికి పదకొండున్నర అయింది. కేస్ షీటులో టిక్కు ఉంది కనుక యాంటీబయాటిక్ సంగతి ఎవరూ మళ్లీ అడగలేదు. నేనూ అడగలేదు.

టాక్సిమ్ పేరుతో మనకు తెలిసిన సెఫోటాక్సిమ్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు ఒక గంట పడుతుంది. ఐదున్నర గంటల్లో అది ఐదు సార్లకు పైగా సగమవుతుంది. ఆరు గంటలకు ఒంట్లోకి వెళ్లిన మందులో ముప్పయ్యో వంతు కూడా చర్మం తెగే వేళకు మిగలదన్నమాట. కాగితం మీద ఆవిడకు రక్షణ ఉంది, ఒంట్లో లేదు.

ఏడో రోజు కుట్లు తీస్తుంటే చీము కనబడింది. రెండు రోజులకు కింది వైపు నాలుగు కుట్ల మేర గాయం విడిపోయింది. ఆవిడ అక్క వార్డులోనే గొడవపడింది. పక్క మంచం వాళ్లు పెట్టిన పప్పన్నం తినడం వల్లే చీము పట్టిందని ఆమె గట్టి నమ్మకం. పప్పు తింటే చీము పడుతుందన్న మాట మన ఊళ్లలో ప్రతి బాలింతా, ఆపరేషన్ అయిన ప్రతి మనిషీ వింటారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావలసిన సమయంలోనే వాళ్లకు చారన్నంతో పత్యం పెడతాం. ఆ వాదనలోకి ఇప్పుడు వెళ్లను. నన్ను పట్టి నిలిపింది వేరే విషయం: చీముకు కారణం కోసం అందరం ఆపరేషన్ తరవాతి రోజుల్లోనే వెతుకుతున్నాం. అక్క పప్పులో వెతికింది, సర్జన్ గారు డ్రెస్సింగులో వెతికారు, వార్డు సిస్టరు రోగి శుభ్రతలో వెతికారు. ఆ ఉదయం ఆరుకూ పదకొండున్నరకూ మధ్య ఏం జరిగిందో ఎవరూ చూడలేదు.

ఆవిడ మరో పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. వెళ్లిపోయే రోజున నాతో చెప్పిన లెక్క నాకు ఇప్పటికీ గుర్తుంది: "మంచం, మందులు ఊరికేనమ్మా. కాని కోతల కాలం పోయింది. నా కూలీ పోయింది, నాకు తోడున్నందుకు ఆయన కూలీ పోయింది. పిల్ల బడి మానేసింది. పుస్తెల తాడు తాకట్టు పెట్టాం, దానికి వడ్డీ నడుస్తోంది." ఆవిడకు చీము పట్టడానికి ఆ ఐదున్నర గంటలే కారణమని నేను రుజువు చేయలేను. ఒక గాయం చెడడానికి పది కారణాలుంటాయి. కాని సరైన వేళకు ఇంకొక వయల్ వేసి ఉంటే అయ్యే ఖర్చు ఎంత, వేయకపోవడం వల్ల పడిన భారం ఎంత అన్న లెక్క అప్పటినుంచి నన్ను వదలలేదు. ఆ లెక్కే ఈ వ్యాసం.

నా వాదన ఇది. ఆపరేషన్ గాయాలకు బాక్టీరియా సోకకుండా మన ఆసుపత్రులలో రోగి చేత పెట్టించే ఖర్చులో ఎక్కువ భాగం కోత తరవాత అవుతోంది. ప్రయోజనం మాత్రం దాదాపు అంతా కోతకు ముందు పెట్టే ఖర్చులోనే ఉంది. ముందు చేసే పనులన్నీ కూడా ఒకే విలువ కలవి కావు. కొన్ని చౌకగా ఎంతో మేలు చేస్తాయి, కొన్ని కొందరికే పనికివస్తాయి, కొన్ని డబ్బు తీసుకుని కీడు చేస్తాయి. వీటిని విడదీసి చూడకుండా "జాగ్రత్త ఎంత తీసుకుంటే అంత మంచిదే కదా" అనుకోవడం వల్ల మనం చాలా నష్టపోతున్నాం.

మందు వేళ గురించి తెలిసిన సంగతి కొత్తదేమీ కాదు. 1961లో బోస్టన్‌లో జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పందుల చర్మంలోకి స్టాఫిలోకాకస్ బాక్టీరియాను ఎక్కించి, యాంటీబయాటిక్‌ను కొన్నిటికి ముందే, కొన్నిటికి తరవాత వేర్వేరు వేళల్లో ఇచ్చి చూశాడు. బాక్టీరియా చేరేటప్పటికే మందు కణజాలంలో ఉంటే గాయం దాదాపు ఏర్పడలేదు. మూడు గంటలు ఆలస్యమైతే మందు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే అయింది. ముప్పయ్యేళ్ల తరవాత, 1992లో, అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఒక ఆసుపత్రి 2,847 మంది ఆపరేషన్ రోగుల రికార్డులు చూసి, మనుషుల్లోనూ అదే తీరును కనుగొంది. కోతకు ముందు రెండు గంటల లోపు మందు అందినవారిలో గాయం చెడింది 0.6 శాతం మందికి. కోత తరవాత మూడు గంటలు దాటాక అందినవారిలో 3.3 శాతం. మరీ ముందుగా, అంటే రెండు గంటలకంటే ముందే అందినవారిలో 3.8 శాతం. ఈ చివరి అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మొదట చెప్పిన మిరప తోటల ఆవిడ ఆ వరుసలోని మనిషి. మరీ ముందు ఇవ్వడం, మరీ ఆలస్యంగా ఇవ్వడంతో సమానమైన పొరపాటని, వార్డులో ఆరు గంటలకు అందరికీ కలిపి వేసే పద్ధతి ఎంత క్రమశిక్షణతో నడిచినా ప్రయోజనం లేనిదని ఆ అంకె చెబుతోంది.

తరవాతి పరిశోధనలు చివరి గంటలోని నిమిషాల తేడాలకు అంత ప్రాధాన్యం లేదని చూపాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలలో కోతకు ముందు 120 నిమిషాల లోపు అని, ఎంచుకున్న మందు ఎంతసేపు నిలుస్తుందో చూసుకుని ఇవ్వమని చెప్పింది. సెఫజోలిన్ వంటి త్వరగా తగ్గిపోయే మందును కోతకు దగ్గరగా ఇవ్వాలి, ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే మళ్లీ ఇవ్వాలి. వాంకోమైసిన్‌ను నెమ్మదిగా ఎక్కించాలి కనుక కాస్త ముందే మొదలుపెట్టాలి. ఇంతకు మించిన చిక్కు ఇందులో లేదు. సెఫజోలిన్ పాత మందు, చౌక మందు, శుభ్రమైన ఆపరేషన్లు చాలావాటికి సరిపోయే మందు. అయినా మన దగ్గర అంతకంటే విస్తృతంగా పనిచేసే సెఫ్ట్రియాక్సోన్ వైపే చేయి పోతుంది. పెద్ద మందు అంటే ఎక్కువ రక్షణ అన్న భావన రోగులలోనే కాదు, మాలోనూ బలంగా ఉంది.

ఇక్కడ నిజమైన ఖర్చు మందుది కాదు, బాధ్యతది. వార్డులో వేయాలా, థియేటర్లో వేయాలా? సిస్టరు వేయాలా, నేను వేయాలా? వేసిన నిమిషం ఎవరు రాయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మార్గదర్శకాలకంటే ముందే తయారుచేసిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టులో కోతకు ముందు అందరూ ఆగి అడగవలసిన ప్రశ్నలలో ఇది ఒకటి: గత 60 నిమిషాలలో యాంటీబయాటిక్ ఇచ్చారా? 2009లో ఢిల్లీతో సహా ఎనిమిది నగరాలలో ఆ చెక్‌లిస్టును పరీక్షించినప్పుడు గాయాల ఇన్ఫెక్షన్లు 6.2 శాతం నుంచి 3.4 శాతానికి తగ్గాయి. ఆ తగ్గుదల అంతా ఆ ఒక్క ప్రశ్న వల్లే వచ్చిందని అనను. కాని ఒక కాగితం, ఒక నిమిషం మౌనం, ఒక ప్రశ్న, ఇంతకంటే తక్కువ ఖర్చుతో వైద్యంలో ఇంత ఫలితం ఇచ్చిన పని నాకు మరొకటి తెలియదు.

మన రెండు రాష్ట్రాలలో ఈ మాటకు ఉన్న బరువు సిజేరియన్ల వల్ల ఇంకా పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పులలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 శాతం. ఇన్ని కోతలు అవసరమా అన్నది పెద్ద చర్చ, అది వేరే చోట జరగాలి. కోత తప్పనిసరి అయినప్పుడు మందు ఎప్పుడన్నదే ఇక్కడి ప్రశ్న. నేను చదువుకునే రోజుల్లో సిజేరియన్‌కు యాంటీబయాటిక్‌ను బొడ్డుతాడు బిగించిన తరవాతే ఇచ్చేవాళ్లం. తల్లి రక్తం ద్వారా మందు బిడ్డకు చేరుతుందని, పుట్టగానే బిడ్డకు ఇన్ఫెక్షన్ ఉంటే పరీక్షల్లో కప్పివేస్తుందని భయం. అది అర్థంలేని భయం కాదు, ఒక మేలుకు మరొక ప్రాణి చెల్లించే ధరను గురించిన భయం. దాన్ని పరీక్షించి చూడవలసిందే, చూశారు కూడా. 2014లో కోక్రేన్ సంస్థ అన్ని ప్రయోగాలనూ కలిపి సమీక్షించినప్పుడు, కోతకు ముందే మందు అందిన తల్లులలో ఇన్ఫెక్షన్ సంబంధమైన బాధలు 43 శాతం తక్కువగా ఉన్నాయి, బిడ్డలలో ఇన్ఫెక్షన్ల విషయంలో తేడా కనబడలేదు. అదే మందు, అదే మోతాదు, అదే ధర. పది పదిహేను నిమిషాలు ముందుకు జరిపినందుకు వచ్చిన లాభమిది. అయినా ఇప్పటికీ బొడ్డుతాడు బిగించాక "సిస్టర్, యాంటీబయాటిక్" అనే మాట కొన్ని థియేటర్లలో వింటూనే ఉన్నాను.

ఇక కోత తరవాత ఇచ్చే మందు గురించి. ఈ విషయంలో నాకు ఆవేదన ఎక్కువ, దాచను.

శుభ్రమైన ఆపరేషన్ అయిపోయి, గాయం మూసేశాక, ఇన్ఫెక్షన్ ఏదీ లేనప్పుడు మరో ఐదు రోజులు ఇంజెక్షన్లు, ఆపైన ఐదు రోజులు మాత్రలు రాయడం మన ప్రాంతంలో మామూలు. హెర్నియాకు రాస్తారు, థైరాయిడ్‌కు రాస్తారు, సిజేరియన్‌కు రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఆపరేషన్ పూర్తయ్యాక నివారణ పేరుతో యాంటీబయాటిక్ కొనసాగించవద్దని స్పష్టంగా చెబుతున్నాయి. పగిలిన అపెండిక్స్ సంగతి వేరు. అక్కడ ఇన్ఫెక్షన్ అప్పటికే ఉంది, మందు చికిత్స అవుతుంది. నేను మాట్లాడుతున్నది లేని జబ్బుకు రాసే మందు గురించి.

దీనివల్ల మేలు లేకపోయినా కీడు ఏముందిలే అనుకునేవారికి 2019లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల నుంచి వచ్చిన అధ్యయనం సమాధానం చెబుతుంది. గుండె, కీళ్లు, పెద్దపేగు, రక్తనాళాల ఆపరేషన్లు అయిన 79,058 మందిని చూశారు. 24 గంటలు దాటి యాంటీబయాటిక్ కొనసాగించినందువల్ల గాయాల ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. రోజులు పెరిగే కొద్దీ మూత్రపిండాలు దెబ్బతినడం, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బాక్టీరియా వల్ల తీవ్రమైన విరేచనాలు రావడం పెరిగాయి. 72 గంటలు దాటినవారిలో మూత్రపిండాల ముప్పు సుమారు 1.8 రెట్లు, విరేచనాల ముప్పు 3.6 రెట్లు. ప్రయోజనం ఒకచోట ఆగిపోతే నష్టం మాత్రం రోజురోజుకూ పెరుగుతూ పోయింది.

మా నాన్నగారికి హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు డిశ్చార్జి కాగితంలో ఐదు రోజుల మాత్రలున్నాయి. అవి అక్కరలేదని నాకు తెలుసు. కాని ఆపరేషన్ చేసిన పెద్దాయన మీద గౌరవంతో ఒక్క మాట అనలేకపోయాను. నాన్నగారు వేళ తప్పకుండా వేసుకున్నారు. మూడో రోజు విరేచనాలు పట్టుకున్నాయి, నాలుగో రోజు రాత్రి బాత్‌రూము గుమ్మం దగ్గర తూలి పడబోతే అమ్మ పట్టుకుంది. డెబ్బయ్యారేళ్ల మనిషి తుంటి విరగకుండా బయటపడ్డారు. ఆ మాత్రల ధర రెండు వందల రూపాయలు ఉంటుందేమో. ఆ రాత్రి గుమ్మం దగ్గర అమ్మ లేకపోతే ఆ ధర ఎంతయ్యేదో నేను చాలాసార్లు ఆలోచించాను.

తెలిసీ ఎందుకు రాస్తారని మీరు అడగవచ్చు. నా తోటి డాక్టర్లు చెడ్డవారు కారు. వారి భయం నాకు లోపలినుంచి తెలుసు. మందు రాసిన తరవాత చీము పడితే అది రోగి దురదృష్టం. మందు రాయకుండా చీము పడితే అది డాక్టరు నిర్లక్ష్యం. "కనీసం యాంటీబయాటిక్ కూడా ఇవ్వలేదు" అని బంధువులు హాలు మధ్యలో నిలబడి అరుస్తుంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం చూపించి తప్పించుకోగలిగినవారు లేరు. కోతకు ముందు మందు వేసిన నిమిషాన్ని బంధువులు చూడరు, దాని గురించి అడగరు. సంచిలో ఇంటికి తీసుకువెళ్లే స్ట్రిప్పు మాత్రం కళ్లకు కనబడుతుంది. కనబడేదానికి మనం డబ్బు ఇస్తాం, కనబడనిదాన్ని నిర్లక్ష్యం చేస్తాం.

వారు చెప్పే మరో మాట ఉంది, దానికి బలముంది: "అమెరికా థియేటర్లు వేరు, మన థియేటర్లు వేరు. ఒక మంచం మీద ఇద్దరు పడుకునే వార్డుకు ఆ లెక్కలు వర్తించవు." మన వంటి దేశాలలో గాయాలు ఎక్కువగా చెడతాయన్నది నిజమే. 2018లో 66 దేశాలలో 12,539 మంది కడుపు ఆపరేషన్ రోగులను చూసిన అధ్యయనంలో, అభివృద్ధి సూచీలో పైనున్న దేశాలలో 9.4 శాతం మందికి, మధ్యలో ఉన్నవాటిలో 14 శాతం మందికి, అడుగున ఉన్నవాటిలో 23.2 శాతం మందికి గాయం ఇన్ఫెక్షన్ వచ్చింది. కాని ఆ తేడాను మాత్రలతో పూడ్చవచ్చన్నది ఆశ మాత్రమే. థియేటర్లో గాయంలోకి చేరిన బాక్టీరియాపై బలంగా పనిచేసే గంటలు అప్పటికే దాటిపోయాయి. వార్డులో చేరేది చేతులనుంచి, డ్రెస్సింగ్ ట్రాలీనుంచి చేరుతుంది, దాన్ని ఆపవలసింది సబ్బు, శుభ్రమైన చేతులు. పైగా రోజుల తరబడి యాంటీబయాటిక్ మీద ఉన్న వార్డులో బతికి బట్టకట్టేది ఆ మందుకు లొంగని బాక్టీరియానే. భారత వైద్య పరిశోధన మండలి నిఘా నివేదికలలో మన ఆసుపత్రుల స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో 40 శాతానికి పైగా మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగనిదే కనబడుతోంది. అటువంటిది గాయంలో చేరితే సెఫజోలిన్ పనిచేయదు. మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. నా రోగికి నేను అనవసరంగా రాసిన ఐదు రోజుల మాత్రల అసలు ధరను ఎవరో ముక్కూ మొహమూ తెలియని పసిబిడ్డ నవజాత శిశువుల వార్డులో చెల్లిస్తుంది. ఆ ఖర్చు ఏ బిల్లులోనూ రాదు కనుక లేదని అనుకుంటున్నాం.

తక్కువ వనరులున్న చోట ఖరీదైన జాగ్రత్తలు గొప్పవన్న నమ్మకాన్ని కూడా పరీక్షించి చూశారు. 2021లో మన దేశంతో సహా ఏడు దేశాలలో 54 ఆసుపత్రులలో 5,788 మంది మీద జరిగిన ఫాల్కన్ అనే ప్రయోగంలో, చర్మం శుభ్రం చేయడానికి ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌ను మామూలు పోవిడోన్ అయోడిన్‌తోను, మందు పూసిన దారాన్ని మామూలు కుట్టు దారంతోను పోల్చారు. ఖరీదైనవి మెరుగని తేలలేదు. ఆ మరుసటి సంవత్సరం అవే ఏడు దేశాలలో 13,301 మంది మీద మరో ప్రయోగం చేశారు. గాయం మూసే ముందు అందరూ గ్లౌజులు మార్చుకుని, మూయడానికి వేరే పరికరాలు వాడడం, అంతే. ఇన్ఫెక్షన్లు 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. ఇది కోతకు ముందు చేసే పని కాదు కనుక నా విషయానికి కాస్త పక్కదారే, కాని డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు.

కోతకు ముందు చేసే పనులలోనూ మానేయవలసినవి ఉన్నాయి. ముందు రోజు రాత్రి వార్డులో రేజరుతో వెంట్రుకలు గీయడం వాటిలో మొదటిది. బ్లేడు వదిలిన సన్నని గాట్లలో తెల్లవారేసరికి బాక్టీరియా పెరుగుతుంది. 1971లోనే ఒక పరిశోధనలో రేజరుతో గీసినవారిలో 5.6 శాతం మందికి, గీయనివారిలోను, వెంట్రుకలు రాల్చే క్రీము వాడినవారిలోను 0.6 శాతం మందికి గాయం చెడింది. వెంట్రుకలు అడ్డు లేకపోతే వదిలేయాలి, అడ్డమైతే క్లిప్పరుతో కత్తిరించాలి. ఖర్చు పెట్టకుండానే, పైగా ఒక పని తగ్గించుకుంటూ లాభపడే అవకాశం ఇది. రెండవది మోకాలి చిప్ప మార్పిడికి ముందు అందరికీ మూత్రం కల్చర్ చేయించి, ఏ బాధా లేకపోయినా బాక్టీరియా కనబడిందని వారం రోజుల మందు వాడించి, ఆపరేషన్ వాయిదా వేయడం. మూత్రనాళానికి సంబంధించిన ఆపరేషన్లకైతే ఆ పరీక్ష అవసరమే. మిగిలినవాటికి చేయవద్దని అమెరికా ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం 2019లో స్పష్టంగా చెప్పింది.

ముక్కు సంగతి అంత సులువుగా తేలేది కాదు, అందుకే నాకు దాని మీద ఆసక్తి ఎక్కువ. స్టాఫిలోకాకస్ ఆరియస్ బాక్టీరియా నలుగురైదుగురిలో ఒకరి ముక్కులో ఏ హానీ చేయకుండా నివసిస్తుంది. ఆపరేషన్ గాయంలో చేరేది చాలాసార్లు ఆ మనిషి ముక్కులోదే. దాన్ని ముందే తొలగిస్తే? 2002లో అమెరికాలోని అయోవాలో దాదాపు 3,900 మంది మీద జరిగిన ప్రయోగంలో, ముక్కులో బాక్టీరియా ఉందో లేదో చూడకుండా అందరికీ ఒకే పద్ధతిలో ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్‌ గాని, మందు లేని ఆయింట్‌మెంట్‌ గాని రాశారు. ఆ బాక్టీరియా వల్ల గాయం చెడినవారు ఒకవైపు 2.3 శాతం, మరోవైపు 2.4 శాతం. ఏమీ తేడా లేదు. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు వేరే దారి పట్టారు. 6,771 మందిని చేరిన రోజే ముక్కు పరీక్ష చేసి, బాక్టీరియా ఉన్నవారిని మాత్రమే తీసుకుని, కొందరికి ఐదు రోజులు ముక్కుకు ముపిరోసిన్, ఒంటికి క్లోర్‌హెక్సిడిన్ సబ్బు ఇచ్చారు. ఇచ్చినవారిలో 3.4 శాతం మందికి, ఇవ్వనివారిలో 7.7 శాతం మందికి ఆ బాక్టీరియా వల్ల ఇన్ఫెక్షన్ వచ్చింది. సగానికి పైగా తగ్గింది.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి నేను కాగితం మీద లెక్క వేశాను. ముక్కులో బాక్టీరియా ఉన్న 23 మందికి చికిత్స చేస్తే ఒక ఇన్ఫెక్షన్ తప్పుతుంది. ఆ 23 మందిని కనుక్కోవడానికి సుమారు 125 మందికి పరీక్ష చేయాలి. హెర్నియా ఆపరేషన్‌కు ఇది తగదు. అక్కడ గాయం చెడినా చాలావరకు కట్లతోనూ మందుతోనూ మానుతుంది. కృత్రిమ మోకాలు పెట్టినచోట బాక్టీరియా చేరితే కథ వేరు. పెట్టిన కీలును తీసేసి, నెలల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చి, మరో ఆపరేషన్ చేసి కొత్త కీలు పెట్టాలి. తప్పించిన ఒక్క ఇన్ఫెక్షన్ 125 పరీక్షల ఖర్చును మించిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుండె, ఎముకల ఆపరేషన్లకు వెళ్లే, ముక్కులో ఆ బాక్టీరియా ఉన్నట్లు తేలినవారికే దీన్ని గట్టిగా సిఫారసు చేసింది. పరీక్ష మానేసి అందరికీ పూసేస్తే చౌక కదా అని కార్పొరేట్ ఆసుపత్రులలో అడిగేవారున్నారు. ఇప్పటికైతే చౌకే. కాని ముపిరోసిన్‌కు లొంగని బాక్టీరియా పెరిగితే ఈ ఉన్న ఒక్క ఆయుధమూ పోతుంది, కనుక నా ఓటు పరీక్ష చేసి పూయడానికే.

చక్కెర సంగతి కూడా చెప్పాలి. 2023లో వచ్చిన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మందికి మధుమేహం ఉంది. ఆపరేషన్‌కు ముందూ, జరుగుతున్నప్పుడూ చక్కెర అదుపులో లేకపోతే గాయం చెడే ముప్పు పెరుగుతుంది. అందుకని తొందర లేని ఆపరేషన్‌ను వాయిదా వేస్తాం. వాయిదాకూ ధర ఉంది. ఆరోగ్యశ్రీ అనుమతి తీసుకుని, పొలం పని వేరేవాళ్లకు అప్పగించి, అమెరికానుంచి కొడుకును రప్పించుకుని వచ్చిన మనిషిని "మూడు నెలలాగి రండి" అని పంపేటప్పుడు ఆ ధర కూడా మన లెక్కలోకి రావాలి. నిప్పులాంటి నిజం ఏమిటంటే, ఆ చక్కెర సంగతి ఆపరేషన్ నిర్ణయించిన రోజునే చూసి ఉంటే ఈ వాయిదాలు చాలావరకు ఉండవు.

"నాకు పెన్సిలిన్ పడదు" అని చెప్పేవారి విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అలా చెప్పేవారిలో పది మందిలో తొమ్మిది మందికి నిజమైన అలర్జీ ఉండదు. కాని ఆ ఒక్క మాటతో వారికి సెఫజోలిన్ మాని మరేదో ఇస్తారు. బోస్టన్‌లో 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో అలాంటి ముద్ర ఉన్నవారిలో గాయాల ఇన్ఫెక్షన్లు దాదాపు 50 శాతం ఎక్కువగా కనబడ్డాయి. "పడదు అంటే ఏమైంది? ఎప్పుడు? ఒళ్లంతా దద్దుర్లా, ఊపిరి ఆడలేదా, లేక కడుపులో తిప్పిందా?" అని కూర్చుని అడగడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇప్పుడు నేను పనిచేసే చిన్న ఆసుపత్రిలో యాంటీబయాటిక్ వార్డునుంచి థియేటర్లోకి మారింది. నేనే వేస్తాను, వేసిన నిమిషాన్ని గోడ మీది బోర్డుపై మార్కరుతో రాస్తాను, కింద సర్జన్ గారు కోత పెట్టిన నిమిషం సిస్టరు రాస్తారు. 9.15, 9.40. రెండు అంకెలూ ఎదురుగా ఉంటే మాట్లాడవలసిన అవసరం ఉండదు. రేజర్లు స్టోరునుంచి తీయించాం. దీనికంటే కష్టమైనది మరొకటి: ఇంటికి వెళ్లాక గాయం చెడినవారు మా దగ్గరికి తిరిగి రారు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుంటారు. అందుకే ప్రతి ఆసుపత్రీ తన దగ్గర ఇన్ఫెక్షన్లు లేవని నిజాయితీగానే నమ్ముతుంది. ముప్పయ్యో రోజున ప్రతి రోగికీ ఫోను చేసి గాయం సంగతి అడిగి రాసే రిజిస్టరు ఒకటి మొదలుపెట్టాం. ఫోను చేసే సిస్టరుకు వారానికి మూడు గంటలు పడుతుంది, యాజమాన్యం ఆ మూడు గంటల జీతానికి ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది.

హెర్నియాలకు, థైరాయిడ్‌లకు తరవాతి మాత్రలు మానడానికి మా సర్జన్ గారు ఒప్పుకున్నారు. సిజేరియన్ల విషయంలో గైనకాలజిస్టు గారు ఇంకా ఒప్పుకోలేదు. కోతకు ముందు మోతాదు వేయిస్తున్నారు, ఆపైన మూడు రోజులు కూడా రాస్తున్నారు. "మీరు చెప్పే అంకెలన్నీ ఇంకెక్కడివో. మన తల్లుల అంకెలు చూపించండి, ఆరు నెలల రిజిస్టరు చూశాక మాట్లాడదాం" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. రిజిస్టరులో ఇప్పటికి నాలుగు నెలలు నిండాయి.